జోకర్ అంటే లెడ్జరా, ఫీనిక్సా?

కొర్లగుంట కుర్రోడు:
రాత్రి రూమ్‌లో మొదలైన గొడవ, తెల్లారినా తెగలేదు. బ్యాట్‌మ్యాన్ కథల్లో విలన్ జోకర్ వేషం ఎవరికి కుదిరింది? 2008లో హీత్ లెడ్జర్‌కా, 2019లో వాకీన్ ఫీనిక్స్‌కా? ఇద్దరికీ ఆస్కార్ వచ్చింది, కాబట్టి అవార్డు చూపించి నోరు మూయించడం కుదరదు. నా ఓటు ఫీనిక్స్‌కే. ఇరవై కిలోల పైనే తగ్గాడు. బస్సులో నవ్వు ఆపుకోలేక, ఇది జబ్బని రాసి ఉన్న కార్డు తీసి ఇస్తాడే, అక్కడ నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

గ్రీమ్స్‌పేట:
బరువు తగ్గితే నటనా తమ్ముడూ? అట్లయితే అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కేవాళ్లందరికీ ఆస్కార్ ఇయ్యాల. లెడ్జర్‌ను చూడు. మూతి మీద గాట్లు ఎట్లా పడ్డాయో ఒకరికి నాన్న కథ చెప్తాడు, ఇంకొకరికి పెళ్లాం కథ. మూడోసారి బ్యాట్‌మ్యాన్‌కు చెప్పబోతే అతను విననే వినడు. వాడు ఎందుకిట్లా అయ్యాడో మనకు తెలియదు, భయం అక్కడుంది. ఫీనిక్స్ కథలో అమ్మ, ఉద్యోగం, ఆగిపోయిన మందులు, అన్నిటికీ కారణాలే. కారణం తెలిస్తే జాలి పడతాం.

కొర్లగుంట కుర్రోడు:
జాలి పడుతూనే భయపడ్డానన్నా. అదింకా కష్టం కదా.

బాలాజీ కాలనీ:
2008కి ముందు లోకమే లేనట్టు మాట్లాడుతున్నారు. ఈ పాత్ర పుట్టింది 1940లో. 1966 టీవీ సీరియల్లో సీజర్ రొమెరో మీసం తీయనంటే మీసం మీదే తెల్లరంగు పూశారు, దగ్గరగా చూస్తే కనిపిస్తుంది. 1989లో జాక్ నికల్సన్. నన్నడిగితే 1992 కార్టూన్లలో మార్క్ హామిల్. మొహమే లేదు, ఒక్క గొంతుతో భయపెట్టాడు.

కొర్లగుంట కుర్రోడు:
2016లో జోకర్ వేషం కట్టిన జారెడ్ లెటోను ఎవరూ తలవలేదేంది?

బాలాజీ కాలనీ:
తలవకపోవడమే మర్యాద నాయనా.

పుంగనూరు రోడ్డు:
మా పక్క ధర్మరాజుల గుడి దగ్గర పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి నాటకం. ఒక ఏడు దుర్యోధనుడి వేషం కట్టినాయన గద ఎత్తి అరిస్తే పిల్లోళ్లు అమ్మల కొంగు చాటుకు పోయినారు. ఇంకో ఏడు కట్టినాయన అసలు అరవలేదు. తమ్ముళ్లందరూ పోయినారని మడుగు దగ్గర కూర్చుని ఏడిస్తే మా అవ్వ కూడా ఏడ్చింది. కడాకు దుర్యోధన వధ నాడు నేల మీద పడుకోబెట్టే మట్టిబొమ్మ మాత్రం రెండేళ్లూ ఒకటే. ఆ బొమ్మ తొడ కొట్టేదానికి భీముడుండాల. ఫీనిక్స్‌కు భీముడేడి? ఆ సినిమాలో పెద్దయినాక బ్యాట్‌మ్యాన్ అయ్యే బ్రూస్ వేన్ ఇంకా చిన్నపిల్లోడు. నటన గొప్పదే, కాదనను. కానీ అది ఆర్థర్ అనే మనిషి కథ. లెడ్జర్ పోలీస్ స్టేషన్లో బ్యాట్‌మ్యాన్ చేతిలో దెబ్బలు తింటూ నవ్వుతాడే, ఆ నవ్వుకు ఎదుట ఒకడు కావాల.

గ్రీమ్స్‌పేట:
నేను చెప్పిందీ అదే.

కొర్లగుంట కుర్రోడు:
నువ్వు చెప్పింది అది కాదన్నా, కారణాల గురించి చెప్పినావు. అయినా భీముడు లేకుండా రెండు గంటలు ఒక్కడే నిలబెట్టినాడంటే ఎవరు గొప్ప?

గ్రీమ్స్‌పేట:
2024లో రెండో భాగం కూడా నిలబెట్టినాడా?

కొర్లగుంట కుర్రోడు:
దాని ఊసెత్తొద్దన్నా. రూమ్‌లో కూడా ఎవరూ ఎత్తలేదు.