ఎసిటోన్‌లో సోడియం అయొడైడ్ కరిగింది, ఉప్పెందుకు కరగలేదు?

ప్రశ్న (హనుమకొండ, బీఎస్సీ మూడో సంవత్సరం):
నిన్న ల్యాబ్‌లో రెండు టెస్ట్ ట్యూబుల్లో ఎసిటోన్ పోసి, ఒకదాంట్లో చిటికెడు సోడియం క్లోరైడ్, ఇంకోదాంట్లో అంతే సోడియం అయొడైడ్ వేశాను. అయొడైడ్ నాలుగు ఊపులకే మాయమైంది. ఉప్పు మాత్రం ఎంత ఊపినా అడుగున ఇసుకలాగే ఉంది. రెండూ అయానిక్‌వే (ఆవేశమున్న అయాన్లతో కట్టినవే), రెండింట్లోనూ సోడియమే! ఇంటర్‌లో బట్టీ పట్టిన 'పోలార్‌లో పోలార్ కరుగుతుంది' ఇక్కడ పనికిరావట్లేదు. మా సార్‌ని అడిగితే "సిలబస్‌లో లేదు" అన్నారు. సోమవారం వైవా, ఒకటే టెన్షన్.

జవాబు (రిటైర్డ్ లెక్చరర్, వరంగల్):
ఆ సూత్రం సగం మాటే బాబూ. స్ఫటికాన్ని విడదీయడానికి అయ్యే ఖర్చెంత, విడిపోయిన అయాన్లను సాల్వెంట్ పట్టుకుంటే వచ్చే రాబడెంత? రెండూ చూడాలి. ఉప్పు లాటిస్ ఎనర్జీ, అంటే ఆ విడదీసే ఖర్చు, మోల్‌కు దాదాపు 787 కిలోజౌళ్లు, అయొడైడ్‌ది 700 దరిదాపు. అయొడైడ్ అయాన్ పెద్దది, అందుకే పట్టు వదులు.

ఎసిటోన్ తన ఆక్సిజన్‌తో సోడియాన్ని బాగానే పట్టుకుంటుంది. క్లోరైడ్ దగ్గరే చిక్కు. నీళ్లయితే దాన్ని హైడ్రోజన్ బంధాలతో చుట్టేస్తాయి, ఎసిటోన్‌కు ఆ వీలు లేదు. చిన్న క్లోరైడ్‌కు ఆ లోటు గట్టిగా తగులుతుంది, పెద్ద అయొడైడ్‌కు అంతగా తగలదు. 25 డిగ్రీల దగ్గర 100 గ్రాముల నీళ్లలో 36 గ్రాముల ఉప్పు కరుగుతుంది. అదే ఎసిటోన్‌లో గ్రాములో పదో వంతు కూడా కరగదు.

సిలబస్‌లో లేదన్నారా? ఆర్గానిక్‌లో ఫింకెల్‌స్టైన్ చర్య తీసి చూడు. ఆల్కైల్ క్లోరైడ్‌కు ఎసిటోన్‌లో సోడియం అయొడైడ్ కలిపితే క్లోరిన్ చోటికి అయొడిన్ వస్తుంది, బయటపడ్డ క్లోరైడ్ సోడియంతో ఉప్పై అడుగుకు దిగిపోతుంది, చర్య ముందుకు సాగుతుంది. నీ రెండు ట్యూబుల కథే అది.

జవాబు (కొత్తవాడ):
తమ్మీ, మాది జంపఖానాల నూలుకు రంగులద్దే ఇల్లు. వేడి తొట్టిలో మా నాయన గుప్పెళ్లకొద్దీ ఉప్పు పోస్తాడు. ఆ రంగు కూడా సోడియం లవణమే. నీళ్లలో నూలుకూ రంగుకూ రుణావేశమే కాబట్టి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఉప్పు పడితే ఆ నెట్టుడు తగ్గి రంగు నూలుకెక్కుతుంది. ఎక్కువ పోశావో, రంగు తొట్టిలోనే ముద్దకట్టి పోగులన్నీ మచ్చలే. ఒకసారి నా చేతుల మీద అట్లనే అయింది. వారం దాకా నాయన నాతో మాట్లాడలే.

ప్రశ్న అడిగినవాడు:
థాంక్యూ సార్, థాంక్యూ అన్నా. ఇవాళ ఇంక కరగనంత ఉప్పు కలిపిన నీళ్లలో ఎసిటోన్ పోశాను. పాలలా తెల్లబడి, ఉప్పు మెల్లగా అడుగుకు దిగింది. ఇంట్లో చెప్తే అమ్మ, "తొక్కు జాడీలో నూనె పైన తేలుతుంది, ఉప్పంతా కింద ఊటలోనే ఉంటుంది. ఇది తెలుసుకోవడానికి కాలేజీకి పోయినవా?" అంది.