ఇంటి తోటలో పక్షులకు గింజలు వేయడం మేలా, కీడా?

పెరటిచూపు

పెరట్లో పళ్లెం పెట్టి గింజలు వేసేవారిలో నేనూ ఒకరిని. పక్షులను వెతుక్కుంటూ ఎక్కడికీ వెళ్లనక్కర లేకుండా, కిటికీ దగ్గర కూర్చునే వాటి తీరుతెన్నులను గమనించే వీలు కలగడం ఈ అలవాటులో నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి. అయితే పక్షుల గురించి బాగా తెలిసిన ఒక మిత్రుడు ఈ మధ్య, "మీరు వేసే మేత పక్షుల కోసం కాదు, మీ కళ్ల కోసం" అని ఖండితంగా అన్నారు. మన పళ్లేనికి అలవాటు పడిన పక్షి సొంతంగా తిండి వెతుక్కోవడం మరచిపోతుందా, ఒకేచోట గుంపు చేరడం వల్ల రోగాలు పాకుతాయా, అసలు మేత వేయడం పూర్తిగా మానుకోవాలా అన్నవి నా సందేహాలు. ఇష్టాయిష్టాలను పక్కన పెట్టి, ఆధారాలతో చెప్పగలరని మనవి.

రెక్కలగూడు

మొదటి సందేహం మీకు అక్కరలేదు. అమెరికాలోని విస్కాన్సిన్‌లో నల్లతల చికడీ అనే చిన్న పక్షులపై జరిపిన పరిశీలన ఒకటి 1988లో వెలువడింది. మేత దొరికిన చోట చలికాలం ముగిసేసరికి 69 శాతం పక్షులు బతికి ఉండగా, దొరకని చోట 37 శాతమే మిగిలాయి. ఆ తేడా కూడా చలి మరీ తీవ్రమైన నెలల్లోనే కనబడింది. అదే పరిశోధకులు 1992లో మరొక ఫలితాన్ని ప్రకటించారు: పాతికేళ్లుగా మేత పెడుతూ వచ్చిన చోట దాన్ని ఉన్నట్టుండి తొలగించి చూస్తే, అక్కడి పక్షులు ఎన్నడూ మేత ఎరుగని పక్షులతో సమానంగానే చలికాలాన్ని గట్టెక్కాయి. కాబట్టి మేత వేస్తే సోమరులవుతాయన్న మాట, మనుషుల మీద మనం వేసే నిందను పక్షులకు అంటగట్టడమే తప్ప మరొకటి కాదు.

తడినేల

రెక్కలగూడు గారు చెప్పిన పరిశీలనలను నేను కాదనను. కానీ అవి గడ్డకట్టే చలిలో బతుకుపోరాటం చేసే పక్షుల సంగతి. చలి ముంచుకురాని చోట, తిండికి కొరత లేని కాలంలో వేసే మేతకు అదే లెక్క చెల్లదు. పైగా అసలు చిక్కు రెండో ప్రశ్నలో ఉంది.

బ్రిటన్‌లో 2005లో గ్రీన్‌ఫించ్ పక్షులకు ట్రైకోమోనోసిస్ అనే గొంతు రోగం సోకడం మొదలైంది. అంతకుముందు అది ఎక్కువగా పావురాలలోనూ గువ్వలలోనూ కనిపించేది. రోగకారకమైన పరాన్నజీవి గొంతులో చేరి వాపు తెప్పించడంతో పక్షి మింగలేకపోతుంది. ఈకలు ఉబ్బించుకుని, ముక్కు చుట్టూ తడితో, అది మేత పళ్లెం అంచునే కూర్చుని ఉంటుంది. గింజను నోట పట్టి, నమిలి, మింగలేక తిరిగి పళ్లెంలోనే వదిలేస్తుంది. ఆ తడి గింజనే తరువాత వచ్చిన పక్షి ఏరుకుంటుంది. ఆరిన చోట ఈ పరాన్నజీవి ఎంతో సేపు బతకదు గానీ, తడిసిన మేతా నీటి గిన్నే దానికి చక్కటి ఆశ్రయాలు. ఒకప్పుడు తోటల్లో సర్వసాధారణంగా కనిపించిన గ్రీన్‌ఫించ్‌ను 2021లో ఆ దేశపు ఎర్ర జాబితాలో, అంటే మనుగడ గురించి అన్నిటికన్నా ఎక్కువ ఆందోళన పడవలసిన పక్షుల జాబితాలో, చేర్చవలసి వచ్చింది. అమెరికాలో 1994 నుంచి హౌస్ ఫించ్‌లకు కళ్ల వాపు తెచ్చిన మైకోప్లాస్మా కూడా కోళ్లలో ఉండే సూక్ష్మజీవే. అది పక్షి నుంచి పక్షికి పాకడంలో మేత పెట్టే ఫీడర్ల పాత్ర ఉందని పరిశోధనల్లో తేలింది. అడవిలో గింజ కోసం చెట్టుకొకటిగా చెదిరిపోయే పక్షులను రోజూ ఒకే పళ్లెం మీద మూతులు కలిపేలా చేసినది మనమే కదా!

రెక్కలగూడు

ఆ రోగాల సంగతి నిజమే, అయితే నేరం మేతదా, పళ్లేనిదా అన్నది కూడా చూడాలి. చికడీ వంటి పక్షి ఒక్క గింజను ముక్కున కరచుకుని కొమ్మ మీదికి ఎగిరిపోతుంది. దాన్ని కాళ్ల మధ్య అదిమిపట్టి, పొట్టు పగలగొట్టి తిని, మళ్లీ వస్తుంది. గువ్వలైతే పళ్లెంలోనే బైఠాయించి, తింటూ అక్కడే రెట్ట వేస్తాయి. విశాలమైన పళ్లెం బదులు గింజలు కొద్దికొద్దిగా జారే గొట్టంలాంటి ఫీడర్ వాడితే రెట్ట మేతలో కలవడం బాగా తగ్గుతుంది. పూర్తిగా తప్పుతుందని మాత్రం నేను అనను.

కొమ్మచాటు

ఇద్దరూ మేతకు వచ్చే పక్షుల గురించే మాట్లాడుతున్నారు. రాని పక్షుల మాటేమిటి? న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో ఇళ్ల తోటల్లో రొట్టె, గింజలు వేసి చేసిన పరిశీలన 2015లో వెలువడింది. ఊరపిచ్చుకలు, చుక్కల గువ్వలు, అంటే బయటి నుంచి వచ్చి చేరినవి, పెరిగాయి. పురుగులు తిని బతికే స్థానిక పక్షి గ్రే వార్బ్లర్ తగ్గింది. మనం వేసే గింజ తోటలోని పక్షులన్నిటికీ సమానంగా అందే దానం కాదు. అది గుంపుగా వచ్చే, దబాయించే, ఏదైనా తినగలిగే జాతుల వైపు తూకాన్ని వంచుతుంది. ఈ చర్చలో తరచుగా మరుగున పడిపోయే మరో విషయం పిల్లల తిండి. గింజలు తిని బతికే చాలా చిన్న పక్షులు సైతం గూటిలోని పిల్లలకు పురుగులనే పెడతాయి. పురుగుమందు చల్లిన తోటలో ఎన్ని గింజలు వేసినా ఆ లోటు తీరదు. స్థానిక పొదలూ చెట్లూ పెంచి, మందు మాని, ఒక నీటి గిన్నె పెట్టండి. చూడదగిన పక్షులు అప్పుడూ వస్తాయి, అవీ రకరకాలుగా వస్తాయి.

పెరటిచూపు

పొదలు పెరగడానికి సమయం పడుతుంది కనుక, అంతవరకు మేత కొనసాగించాలనుకునేవారు పాటించవలసిన కనీస నియమాలేమిటో చెప్పగలరా?

తడినేల

పూటకు తినగలిగినంతే వేయండి. ఉప్పు కలిసినవీ బూజు పట్టినవీ వేయకండి. బూజు పట్టిన వేరుశెనగలో అఫ్లటాక్సిన్ అనే విషం ఉండవచ్చు. వారానికి ఒకసారి ఫీడర్‌నూ నీటి గిన్నెనూ శుభ్రంగా కడిగి, ఒక వంతు బ్లీచ్‌కు తొమ్మిది వంతుల నీళ్లు కలిపిన ద్రావణంలో నానబెట్టి, వాసన పోయేదాకా మంచినీళ్లతో జాడించి, పూర్తిగా ఆరిన తరువాతే తిరిగి నింపాలి. ఆరబెట్టడాన్ని చాలామంది పట్టించుకోరు, నా దృష్టిలో కడగడం కన్నా అదే ముఖ్యం.

ఫీడర్‌ను కిటికీ అద్దానికి ఒక మీటరు లోపు గానీ, పది మీటర్ల అవతల గానీ ఉంచాలి. దగ్గరగా ఉంటే బెదిరి ఎగిరిన పక్షి వేగం అందుకోకముందే అద్దం తగులుతుంది కనుక దెబ్బ చిన్నదవుతుంది. తోటలో పిల్లి తిరుగుతుంటే మాత్రం నా సలహా ఒక్కటే, మేత వేయవద్దు.

రెక్కలగూడు

జబ్బు పక్షి కనిపిస్తే ఏం చేయాలో కూడా చెప్పాలి. కనీసం రెండు వారాలు మేత ఆపి, నీటి గిన్నెను కూడా బోర్లించాలి. ఆకలితో మాడతాయేమోనన్న దిగులు అక్కరలేదు, 1992 నాటి ఆ ఫలితం ఇక్కడే అక్కరకు వస్తుంది.

కొమ్మచాటు

ఇరుగుపొరుగు కూడా మేత వేస్తుంటే వారికీ అదే రోజు చెప్పి ఆపించాలి. లేకపోతే మీ పళ్లెం మీద వాలిన జబ్బు పక్షి పక్కవారి పళ్లెం మీద వాలుతుంది, మీరు ఆపినందువల్ల అక్కడ గుంపు మరింత పెరుగుతుంది. ఒప్పించడం కష్టమని నాకు తెలుసు. తమ పళ్లెం వల్ల పక్షికి కీడు జరుగుతుందంటే ఎవరికీ ఒక పట్టాన మింగుడు పడదు.