పిచ్ షాట్‌కు తెలుగు మాట: బంతిని ఎత్తాలా, వాలనివ్వాలా?

మిత్రులకు నమస్కారం. మా ఊరి గోల్ఫ్ మైదానంలో సంచులు మోసే కుర్రాళ్లు కొందరు ఆట కూడా నేర్చుకుంటున్నారు. వాళ్ల కోసం పాఠాలు తెలుగులో రాస్తూ ‘పిచ్ షాట్’ దగ్గర ఆగిపోయాను. పిచ్ అనగానే మనకు క్రికెట్‌లోని 22 గజాల నేల గుర్తొస్తుంది. సంగీతం తెలిసినవారికి శ్రుతి గుర్తొస్తుంది. గోల్ఫ్‌లో అర్థం వేరు. గ్రీన్‌కు (బంతి పడాల్సిన గుంట చుట్టూ పొట్టిగా కత్తిరించిన గడ్డి నేలకు) దాదాపు 30 నుంచి 100 గజాల దూరంలో నిలబడి, బంతి ఎత్తుగా వెళ్లి గ్రీన్ మీద పడి, పెద్దగా దొర్లకుండా ఆగేలా కొట్టేది పిచ్ షాట్. గ్రీన్ అంచున నిలబడి, కాస్త లేచి మిగతా దూరం దొర్లిపోయేలా కొట్టేది చిప్.

మొదట ‘ఎత్తు షాట్’ అని రాశాను. పది రోజులు వాడి చూసి కొట్టేశాను. ‘బంతిని ఎత్తు’ అనగానే కుర్రాడి మణికట్టు గరిటెతో అన్నం తోడినట్టు కదులుతోంది. ఒంటి బరువు వెనక కాలి మీదకు పోతోంది. క్లబ్, అంటే కొట్టే కర్ర, బంతికన్నా ముందే నేలకు తగిలి మట్టి లేస్తోంది, లేదా క్లబ్ అంచు బంతి నడుముకు తగిలి అది గ్రీన్ దాటి పరుగెడుతోంది. నిజానికి ఎత్తే పని మనిషిది కాదు, క్లబ్ ముఖానిది. దగ్గరి దూరాలకు వాడే క్లబ్‌లను వెడ్జ్‌లు అంటారు. వాటిలో పిచింగ్ వెడ్జ్ ముఖం నిలువు నుంచి సుమారు 44–48 డిగ్రీలు వెనక్కి వాలి ఉంటుంది. శాండ్ వెడ్జ్‌కు అది 54–58, లాబ్ వెడ్జ్‌కు 60 చుట్టుపక్కల. మనిషి చేయవలసిందల్లా ముందుకాలి మీద కాస్త ఎక్కువ బరువు ఉంచి, క్లబ్ ఇంకా కిందికి దిగుతుండగానే బంతికి తగిలించడం. దిగే క్లబ్బే బంతిని పైకి పంపుతుంది. ‘ఎత్తు’ అనే క్రియ సరిగ్గా ఈ విషయాన్నే తలకిందులు చేస్తోంది.

‘వెనక్కి వాలి ఉంటుంది’ అని పాఠంలో రాస్తుండగా మాట దొరికింది. పిట్ట కొమ్మ మీద వాలుతుంది, పొద్దు వాలుతుంది, వాలుకుర్చీ వెనక్కి వాలి ఉంటుంది. క్లబ్ ముఖం వాలు పెరిగేకొద్దీ బంతి మరింత నిటారుగా దిగి గ్రీన్ మీద వాలుతుంది. కారణాన్నీ ఫలితాన్నీ ఒక్క మాటే చెబుతోంది. ‘వాలు షాట్’ అందామా?

ఒక సభ్యురాలి స్పందన:

మాట చెవికి ఇంపుగా ఉంది. కానీ బంతి వాలుతుంది సరే, ఆటగాడు ఏం చేస్తాడు? మంచం వాలుస్తాం, తల వాలుస్తాం. ‘బంతిని వాల్చు’ అంటే పక్కకు ఒరిగించమన్నట్టు ఉంది. పాఠంలో ఆజ్ఞార్థకం కావాలి కదా! ‘దించు’ సరిపోతుందేమో చూడండి. నిండు బిందె దించుతాం, నెత్తిమీది బరువు దించుతాం. అందులో జాగ్రత్త కూడా ఉంది. ఇంకో సందేహం. ఈ షాట్లన్నీ ఒకే ఎత్తుకు వెళ్తాయా? తక్కువ ఎత్తున పోయేవాటికి ‘వాలు’ నప్పుతుందా?

నా జవాబు:

‘దించు’ అద్భుతంగా కుదిరిందండీ. ‘ఎత్తు’ అంటే కుర్రాడి కళ్లు బంతి మీదే ఉండిపోతాయి. ‘అక్కడ దించు’ అంటే బంతి ఎక్కడ పడాలో ఆ చోటును ముందే ఎంచుకుంటాడు. ఈ షాట్‌లో గురి పెట్టవలసింది గుంటలో నిలిపిన జెండాకు కాదు, ఆ చోటుకే.

మీ సందేహం న్యాయమైనదే. బాగా ఎత్తుగా పంపాలంటే బంతిని ముందుకాలి వైపు ఉంచి, క్లబ్ ముఖాన్ని ఆకాశం వైపు తెరవాలి. అప్పుడు క్లబ్ అడుగున ఉన్న ఉబ్బు గడ్డి మీద జారుతుంది. దాన్ని బౌన్స్ అంటారు. అమెరికా ఆటగాడు జీన్ సారజెన్ ఇసుకలో కూరుకుపోకుండా ఉండేందుకు అడుగు ఉబ్బుగా ఉండే వెడ్జ్ తయారుచేసుకుని, 1932లో బ్రిటిష్ ఓపెన్ గెలిచాడు. ఆ ఉబ్బు మెత్తని గడ్డిలో మేలు చేస్తుంది. గట్టి నేల మీద అదే ఉబ్బు ఎగిరిపడి క్లబ్ అంచును బంతికి తగిలిస్తుంది. అందుకే వేసవిలో ఎండిన నేల మీద ఈ షాట్ కొట్టవద్దని పాఠంలో గట్టిగా రాశాను.

ఎదురుగాలి ఉన్నప్పుడు బంతిని వెనక కాలి వైపు జరిపి, వాలు తక్కువ ఉన్న క్లబ్ తీసుకుని, కొట్టాక చేతులను నడుము దగ్గరే ఆపాలి. బంతి తక్కువ ఎత్తున వెళ్లి, నేలను తాకి కొంత దూరం దొర్లుతుంది. గాలి, గట్టి నేల రెండూ ఉండే స్కాట్లాండ్ సముద్రతీర మైదానాల్లో ఇలా ఆడటం పాత అలవాటు. దీన్ని ‘వాలి సాగే షాట్’ అనవచ్చని నా ఆలోచన. దూరం తగ్గించాలన్నా పెంచాలన్నా బలం మార్చకూడదు, చేతులను వెనక్కి ఎంత తీసుకెళ్తామో అది మార్చాలి. దీనికి కుర్రాళ్లకు గడియారం ముల్లు పోలిక చెప్పాను, వెంటనే పట్టుకున్నారు.

ఒక పెద్దాయన స్పందన:

క్రికెట్‌లోనూ ‘బంతి పిచ్ అయింది’ అంటే నేలను తాకిందనే కదా! కాబట్టి ‘వాలు’ దూరపు మాటేమీ కాదు. అయినా ‘పిచ్ షాట్’ అన్న పేరును మాత్రం తీసేయకండి. ఆ పిల్లలు రేపు వేరే ఊరి మైదానానికి వెళ్తే అక్కడ వినబడేది అదే. మరి బంతి పడినప్పుడు గ్రీన్ మీద పడే గుర్తును ఏమంటున్నారు?

నా జవాబు:

మీరు చెప్పినట్టే పేరు ‘పిచ్ షాట్’గానే ఉంచుతాను. క్రియలు మాత్రం మనవే: బంతి వాలుతుంది, ఆటగాడు దించుతాడు.

గుర్తు సంగతి బాగా అడిగారు. హోల్‌ను పాఠంలో ‘గుంట’ అన్నాను కాబట్టి ఇక్కడ ఆ మాట వాడలేను. ‘నొక్కు’ అని రాశాను. దాన్ని బాగుచేయడంలో కూడా ‘ఎత్తు’ తప్పుదారి పట్టించింది. ‘నొక్కును ఎత్తండి’ అని మొదట రాస్తే, కుర్రాళ్లు పరికరాన్ని కిందికి గుచ్చి మధ్యలోని మట్టిని పైకి లేపారు. అలా చేస్తే గడ్డి వేర్లు తెగి అక్కడ అది ఎండిపోతుంది. చుట్టూ ఉన్న అంచులను మధ్యకు నెట్టి, పైన సున్నితంగా చదును చేయాలి. ఇప్పుడు ‘అంచులు దగ్గరకు చేర్చండి’ అని మార్చాను. ‘నొక్కు’కు బదులు ‘సొట్ట’ అంటే మీ ప్రాంతాల్లో మరింత తేలిగ్గా అర్థమవుతుందా?