బ్రైడల్ షవర్‌కి ఆఫ్టర్‌నూన్ టీ: మెనూ ఇంగ్లీషు పద్ధతిలోనే ఉంచాలా, మనవాళ్ళకు తగ్గట్టు మార్చాలా?

డాలస్ అక్క

మా బాబాయి కూతురి పెళ్ళి అక్టోబర్‌లో. సెప్టెంబర్‌లో ఒక శనివారం మధ్యాహ్నం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో మా ఇంట్లో దానికి బ్రైడల్ షవర్ (పెళ్ళికి ముందు ఆడవాళ్ళంతా చేరి పెళ్ళికూతురికి కానుకలిచ్చే వేడుక) పెడుతున్నాను. ముప్పై మంది దాకా వస్తారు. సగం మంది దాని కాలేజీ, ఆఫీసు స్నేహితురాళ్ళు. మిగతా సగం మన ఆంటీలు, పెళ్ళికొడుకు అమ్మగారు, ఆవిడ చెల్లెలు, తెనాలి నుంచి వచ్చి ఉన్న మా నానమ్మ.

పెళ్ళికూతురు అడిగింది ఒకటే. ఆఫ్టర్‌నూన్ టీ సరైన పద్ధతిలో చేయమంది. మూడంతస్తుల స్టాండు, కీరా శాండ్‌విచ్‌లు, స్కోన్లు (చిన్న బన్నుల్లాంటివి), లెమన్ కర్డ్ (నిమ్మరసంతో చేసే తియ్యటి క్రీము), పింగాణీ కప్పుల్లో డార్జిలింగ్, ఎర్ల్ గ్రే టీలు. పిన్నికి ఇది అస్సలు నచ్చలేదు. "వియ్యపురాలు మొదటిసారి మన ఫంక్షన్‌కి వస్తుంటే బ్రెడ్ ముక్కలు పెట్టి పంపిస్తామా?" అంటోంది. అదే టేబుల్ మీద మిర్చి బజ్జీ, పునుగులు, పులిహోర, చికెన్ పకోడీ ఉండాలట. అలా అయితే ఇది ప్రతి నెలా జరిగే గెట్ టుగెదరే కదా అని పెళ్ళికూతురి బాధ. ఇద్దరూ నన్నే తేల్చమంటున్నారు. మీరైతే ఏం చేస్తారు?

ఎడిసన్ ఆంటీ

మెనూ మార్చాల్సిందేనమ్మా. కారణం బజ్జీలు కాదు, గుడ్డు. మీరు రాసిన వాటిలో లెమన్ కర్డ్ గుడ్డు సొనతో చేసేదే. మాకరాన్లు (బాదం పొడి బిస్కెట్లు) పెడితే అందులో తెల్లసొన. బయట కొన్న మూస్‌లలో (నురగలాంటి తీపి) చాలావాటికి జెలటిన్ వేస్తారు, అది జంతువుల నుంచి తీసేది. పెద్దవాళ్ళు అడగరు, పళ్ళెంలో పెట్టింది తినేస్తారు. తర్వాత ఎవరో చెబుతారు. అప్పుడు వాళ్ళు పడే బాధ నేను చూశాను. ఆ రోజు ఇంట్లో ఎవరికీ మనసు మనసులో లేదు.

ఇంకో మాట. శనివారం అంటున్నారు. వెంకటేశ్వరస్వామి పేరు మీద శనివారం ఒక్కపొద్దు ఉండేవాళ్ళు మనలో ఎంతమంది! వాళ్ళకు మీ స్కోన్లూ పనికిరావు, పిన్నిగారి చికెన్ పకోడీ అంతకంటే పనికిరాదు. మీ నానమ్మగారిని, పెళ్ళికొడుకు అమ్మగారిని ముందే అడిగారా?

లెస్టర్ నుంచి

నేను పెళ్ళికూతురి పక్షం. మేం ఉండేది ఇంగ్లండ్‌లో. ఇక్కడ ఈ టీని ఇష్టంగా చేసుకునేవాళ్ళను రోజూ చూస్తుంటాను కాబట్టి చెబుతున్నాను.

దీన్ని మొదలుపెట్టిన ఘనత 1840ల్లో బెడ్‌ఫర్డ్ డచెస్ ఆనా మరియాకు ఇస్తారు. అప్పట్లో పెద్దింటి వాళ్ళు రాత్రి భోజనం ఎనిమిదింటికి గానీ చేసేవాళ్ళు కాదు. నాలుగింటికల్లా నీరసం వచ్చేది. ఆ మధ్యలో టీతో పాటు కొంచెం రొట్టె, కేకు తెప్పించుకుని, క్రమంగా స్నేహితురాళ్ళను కూడా పిలవడం మొదలుపెట్టింది. అంటే ఇది కడుపు నింపడానికి పెట్టింది కాదు. "ఆకలితో పంపిస్తామా" అన్న భయానికి మందు ఆహ్వానంలోనే ఉంది: మూడు నుంచి ఐదు వరకు అని సమయం వేయండి. అందరూ ఇంట్లో అన్నం తినే వస్తారు.

గుడ్డు గురించి ఆంటీగారు చెప్పింది ముమ్మాటికీ నిజం. కానీ దానికోసం మెనూ వదులుకోనక్కర్లేదు. స్కోన్‌లో ఉండేది మైదా, వెన్న, పాలు, బేకింగ్ పౌడర్. చాలామంది గుడ్డు వాడేది పైన రంగు రావడానికే. ఆ పూత పాలతో వేస్తే సరిపోతుంది. షార్ట్‌బ్రెడ్ బిస్కెట్లలో గుడ్డే ఉండదు. జామ్, క్లాటెడ్ క్రీమ్‌తో (చిక్కటి మీగడ) సమస్య లేదు. ఒక్క లెమన్ కర్డ్ తీసేస్తే పెళ్ళికూతురు కోరిన టీ దాదాపు మొత్తం అలాగే ఉంటుంది.

ఫ్రిస్కో వదిన

డాలస్ అక్కా, మీ పిన్నిగారితో ఒక్క మాట చెప్పండి. పునుగులు చల్లారితే ఎవరూ ముట్టరు. వేడివేడిగా ముప్పై మందికి పెట్టాలంటే ఆవిడ ఆ రెండు గంటలూ బూరెలమూకుడు ముందు నిలబడాలి. కూతురి షవర్‌లో తల్లి నూనె పొగలో ఉండి, ఫొటోలకు మాత్రం చెయ్యి తుడుచుకుంటూ రావడం నాకు ఎంత మాత్రం ఇష్టం లేదు. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళ ఫంక్షన్లన్నీ ఇలాగే జరుగుతాయి. ఎవరి కోసం చేస్తున్నామో వాళ్ళ అమ్మ వంటింట్లోనే ఉంటుంది.

ఈ టీలో నాకు నచ్చేదే అది. అంతా ముందే సిద్ధం చేసి పెట్టుకుంటాం. అతిథులు కూర్చుంటారు, మనం పోస్తాం. బఫేలో పేపర్ ప్లేటు పట్టుకుని క్యూలో నిలబడే పెద్దవాళ్ళు ఇక్కడ కుర్చీలోంచి లేవక్కర్లేదు. పక్కన కూర్చుని "ఇంకొకటి వేసుకోండి" అని కొసరి కొసరి పెట్టొచ్చు. వియ్యపురాలికి మర్యాద అంటే అదే కదా. ఆవిడ పక్క కుర్చీలో మీ పిన్నిని కూర్చోబెట్టండి.

మనవి కావాలంటే చల్లగా ఉన్నా బాగుండేవి పెట్టండి. పై అంతస్తులో కేకుల పక్కన ఆత్రేయపురం పూతరేకులు, సగానికి కోసి. చిన్న సున్నుండలు. కింద అంతస్తులో శాండ్‌విచ్‌ల పక్కన చేగోడీలు. ఆ స్టాండు మీద ఎంత అందంగా ఉంటాయో!

కూపర్టినో అమ్మాయి

నాకు వచ్చే ఏడాది పెళ్ళి, అందుకే ఇది చదువుతుంటే ఊరుకోలేకపోతున్నాను. పెళ్ళి వారంలో పెళ్ళికూతుర్ని చేయడం, నలుగు, గాజులు, వ్రతం, అన్నీ పెద్దవాళ్ళు చెప్పినట్టే చేస్తాం. సంతోషంగానే చేస్తాం. ఆ అమ్మాయి తన కోసం అడిగింది రెండు గంటలు. దాన్ని కూడా "కొంచెం మార్చి" ఇస్తే ఇంక తనకంటూ ఏం మిగిలింది? పూతరేకులు నాకూ ప్రాణం. కానీ అవి పెళ్ళిలో ఎలాగూ ఉంటాయి.

రిజిస్ట్రీ (పెళ్ళికూతురికి కావాల్సిన కానుకల జాబితా) లింక్ గురించి ఎవరూ మాట్లాడలేదు. ఆహ్వానం మీద అది వేయకండి. అడిగినవాళ్ళకు విడిగా పంపండి. అమెరికన్ల పాత మర్యాదల ప్రకారం షవర్‌ని పెళ్ళికూతురి సొంత తల్లి, అక్కచెల్లెళ్ళు పెట్టకూడదనేవాళ్ళు. కుటుంబమే కానుకలు అడిగినట్టు ఉంటుందని. ఇప్పుడు అంత పట్టింపు లేదు గానీ అందులో నాకు న్యాయం కనిపిస్తుంది. కానుకలు అందరి ముందూ విప్పే పద్ధతి కూడా ఆలోచించండి. స్నేహితులు మిక్సర్లు ఇస్తారు, ఆంటీలు కవర్లో 116 డాలర్లు పెడతారు. కవర్లు మాత్రం అక్కడ తెరవకండి, దయచేసి.

ఎడిసన్ ఆంటీ

కూపర్టినో అమ్మాయీ, నీ మాట నాకు అర్థమైందమ్మా. తనకోసం రెండు గంటలు అడగడంలో తప్పేం లేదు. కానీ పెళ్ళికొడుకు అమ్మగారిని, నానమ్మగారిని పిలిచాక ఆ రెండు గంటలూ వాళ్ళవి కూడా. స్నేహితురాళ్ళతో మాత్రమే చేసుకుంటే నేను ఒక్క మాట అనను. పిలిచి, వాళ్ళు తినగలిగేది ఒక్కటీ పెట్టకపోతే మాత్రం నేను ఒప్పుకోను. ఇద్దరికీ పనికొచ్చేది లెస్టర్ అమ్మాయి చూపించింది.

కవర్ల సంగతి నూటికి నూరుపాళ్ళు నిజం. చదివింపులు పెళ్ళిలో చాలు.

హ్యూస్టన్ బావగారు

ఆడవాళ్ళ చర్చలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా ఇంట్లో టీ పెట్టేది నేనే. అందరూ తిండి గురించే మాట్లాడుతున్నారు, టీ గురించి ఎవరూ అడగలేదు.

మనిషికి మూడు కప్పుల చొప్పున ముప్పై మందికి తొంభై కప్పులు. కప్పుకి 200 మిల్లీలీటర్లు వేసుకుంటే 18 లీటర్ల నీళ్ళు. మామూలు ఎలక్ట్రిక్ కెటిల్ 1.7 లీటర్లు పడుతుంది, అంటే పదకొండు సార్లు మరిగించాలి. ఇక్కడి 120 వోల్టుల కరెంటు మీద ఒక్కోసారికి ఆరేడు నిమిషాలు. తొందరగా అవుతుందని రెండు కెటిల్స్ ఒకే సర్క్యూట్ మీద పెట్టారా, 1500 వాట్లవి రెండూ కలిస్తే 25 ఆంపియర్లు. బ్రేకర్ పడిపోతుంది, సరిగ్గా అందరూ కూర్చున్న వేళకి. గుళ్ళలో కాఫీకి వాడే పెద్ద అర్న్ (కొళాయి ఉన్న పాత్ర) ఉంటుంది చూడండి, అది ఒకటి అద్దెకు తెచ్చి గంట ముందే వేడి నీళ్ళు సిద్ధం చేసుకోండి. టీపాట్‌లో పోసే ముందు మాత్రం కెటిల్‌లో ఒక పొంగు రానివ్వండి. నల్లటీకి బాగా మరిగిన నీళ్ళే కావాలి. మూడు నుంచి ఐదు నిమిషాలు నానితే చాలు, ఆ తర్వాత ఆకు తీసేయకపోతే చేదెక్కుతుంది.

డార్జిలింగ్ పాలు లేకుండా బాగుంటుంది, మన పెద్దవాళ్ళు అలా తాగరు. వాళ్ళకు అస్సాం టీ చిక్కగా పెట్టి వేడి పాలు పక్కన ఇవ్వండి. ఒక ఫ్లాస్కులో అల్లం టీ కూడా ఉంచండి. ఈ పద్ధతిలో ఒక మేలుంది: చక్కెర విడిగా ఉంటుంది. షుగర్ ఉన్న ఆంటీలు మొహమాటపడి తియ్యటి టీ తాగాల్సిన పని ఉండదు.

లెస్టర్ నుంచి

కీరా శాండ్‌విచ్ గురించి ఒక మాట, ఎందుకంటే పిన్నిగారి "బ్రెడ్ ముక్కలు" అన్న మాట నిజమయ్యేది దీన్ని నిర్లక్ష్యంగా చేసినప్పుడే. కీరాని కాగితమంత పల్చగా తరిగి, ఉప్పు చల్లి, పావుగంట జల్లెడలో వదిలేయండి. నీరు దిగాక గుడ్డతో అద్దండి. వెన్న బ్రెడ్ అంచుల దాకా రాయండి, ఆ వెన్నే తడి లోపలికి పోకుండా ఆపుతుంది. అంచులు కోయడం అంతా పేర్చాకే. తడిపి పిండిన గుడ్డ కప్పి ఉంచితే ఆరిపోవు. మనిషికి నాలుగు ముక్కలు లెక్కేసుకోండి. పైన కాస్త మిరియాల పొడి వేస్తే నానమ్మగారికి కూడా నచ్చుతుంది.

డాలస్ అక్క

మీ జవాబులన్నీ ఇద్దరికీ చదివి వినిపించాను. రోజు ఆదివారానికి మార్చాం. పెళ్ళికొడుకు అమ్మగారికి ఫోన్ చేసి అడిగితే నిజంగానే శనివారం ఒక్కపొద్దట, గుడ్డు అసలు తినరట. మొత్తం గుడ్డు లేకుండా చేస్తున్నాం. లెమన్ కర్డ్ తీసేశాం. బజ్జీలు, పునుగులు, పకోడీ లేవు. పిన్ని ఒప్పుకుంది, వంటింటి మాట వినగానే కాసేపు ఏమీ మాట్లాడలేదు. పూతరేకుల దగ్గర పెళ్ళికూతురు ఇంకా మెత్తబడలేదు, కూపర్టినో అమ్మాయి మాటే మాట అంటోంది. నేను పట్టుబట్టను.

ఒక్కటి మిగిలింది. వెళ్ళేటప్పుడు అందరికీ బొట్టు పెట్టి, గాజులు, జాకెట్టు ముక్కతో తాంబూలం ఇవ్వాలని పిన్ని అంటోంది. స్నేహితురాళ్ళకు టీ ఆకుల చిన్న డబ్బాలు ఇద్దామని పెళ్ళికూతురు. సగం మందికి ఒకటి, సగం మందికి ఇంకొకటి ఇస్తే బాగుండదని నాకు అనిపిస్తోంది.

ఫ్రిస్కో వదిన

అందరికీ రెండూ ఇవ్వండి అక్కా. బొట్టు పెట్టే పని మాత్రం పిన్నిగారికే వదిలేయండి. అమెరికన్ అమ్మాయిలకు పెట్టేముందు ఒకసారి అడగమనండి. మన మామూలు గాజుల కొలతలు వాళ్ళకు సరిపోవు, 2-8 సైజు ఎక్కువ తెప్పించండి.