బొమ్మల పుస్తకంలో కలంతో గీతలు: నీడను ఎలా తేవాలి?

ప్రశ్న:
పెన్సిల్‌తో నింపుకుంటూ వచ్చిన నా బొమ్మల పుస్తకంలో ఇకపై కలంతో, కేవలం గీతలతోనే గీయాలనుకుంటున్నాను. పెన్సిల్‌ను వేలితో రుద్దితే వచ్చే మెత్తని నీడను సిరాతో ఎలా సాధించాలి? పైన నీటిరంగులు వేసినా చెదరని సిరా ఏది?

మొదటి సమాధానం:
సిరాతో గీసేటప్పుడు నీడంతా గీతల ఒత్తులోనే ఉంటుంది. సమాంతర గీతలను దగ్గరగా చేర్చినకొద్దీ ఆ చోటు ముదురుతుంది. వాటి మీదుగా మరో వాలులో ఇంకొక వరుస గీస్తే ఇంకా చిక్కబడుతుంది. గీతలను వస్తువు వంపు వెంట నడిపిస్తే నీడతో పాటు గుండ్రదనం కూడా వస్తుంది కనుక, చెట్టు మానును గీసేటప్పుడు నిలువు గీతలకు బదులు అడ్డంగా వంగే గీతలను ప్రయత్నించండి. 0.1, 0.5 మిల్లీమీటర్ల మొన ఉన్న కలాలు రెండు చాలు. పూర్తి సెట్టు కొనడం నా దృష్టిలో అనవసరం.

రెండవ సమాధానం:
డై సిరా (రంగు ద్రవంలో పూర్తిగా కరిగి ఉండేది) సాధారణంగా నీరు తగలగానే పాకుతుంది, పిగ్మెంట్ సిరా (రంగు కరగని సన్నని రేణువులుగా ఉండేది) పూర్తిగా ఆరాక చాలావరకు నిలుస్తుంది. అయితే ఫౌంటెన్ పెన్నులో ఇండియన్ ఇంకు (మసితో చేసే చిక్కని నల్ల సిరా) పోయకండి, అది లోపలే గడ్డకట్టి పాళీకి అడ్డుపడుతుంది.

మూడవ సమాధానం:
డచ్ చిత్రకారుడు వాన్ గో 1888లో ఫ్రాన్స్‌లోని ఆర్ల్ పట్టణంలో రెల్లు కలంతో గీసిన చిత్రాలను పరిశీలించండి. చుక్కలు, పొట్టి గీతలు, మెలికలు మార్చి మార్చి వాడి, రంగు లేకుండానే గడ్డిని, ఆకులను, దున్నిన నేలను ఆయన వేరుచేసి చూపారు.