చందాభాయ్ గుల్లానా, గల్లానా?

కోర్టు గుమాస్తా: దావూదీ బోహ్రాల (గుజరాతీ మాట్లాడే షియా ముస్లిం వర్తకుల) గురువు మీద 1917లో బొంబాయి అడ్వకేట్ జనరల్ వేసిన దావా మీకు తెలిసిందే, చందాభాయ్ గుల్లా కేసు. చందాభాయ్ సమాధి దగ్గర పడే కానుకలు గురువు సొంత సొమ్ము కాదు, లెక్క చెప్పాల్సిందేనని 1921లో జస్టిస్ మార్టెన్ తేల్చారు. దాని మీద ఒక పాత తెలుగు వ్యాసంలో గురువును 'ధర్మకర్త' అన్నారా, 'ధర్మాధికారి' అన్నారా? ఎంతకీ గుర్తు రావడం లేదు.

పాత పుస్తకాలు: ముందు 'గుల్లా' దిద్దండి. అది గల్లా. 'అ' ఉన్నచోట ఇంగ్లీషువాళ్లు 'యూ' అక్షరం పెట్టేవారు, పంజాబ్ స్పెల్లింగు చూడండి. బోహ్రాల గుజరాతీలో గల్లో అంటే డబ్బు పెట్టె. మన కొట్లో గల్లాపెట్టె అదే.

తెలుగు మేష్టారు: ఉర్దూలో గల్లా అంటే ధాన్యం కూడా. కానుకలు మొదట గింజల రూపంలోనే వచ్చి ఉంటాయనీ, తర్వాత పెట్టెకు ఆ పేరు మిగిలిందనీ నా నమ్మకం.

పాత పుస్తకాలు: మేష్టారూ, ఆ లెక్కన కొట్టువాడి పెట్టెలోనూ గింజలే ఉండాలి! సమాధి దగ్గరి పెట్టెకు కొట్టు పెట్టె పేరే వచ్చింది, అంతే. కొట్టు గల్లాకు యజమాని ఉంటాడు. ఈ గల్లాకు ఎవరన్నదే కదా దావా అంతా.

వకీలమ్మ: గుమాస్తా గారూ, 'ధర్మకర్త' అని ఉంటే బాగుండేది, కానీ ఒక చిక్కుంది. అదే 1921లో అప్పటి పై కోర్టయిన లండన్ ప్రివీ కౌన్సిల్ విద్యావారుథి కేసులో, మఠం నడిపే మహంతూ వక్ఫ్ చూసే ముతవల్లీ ఇంగ్లీషు చట్టం చెప్పే అర్థంలో, అంటే ఆస్తి చట్టరీత్యా తమ పేరిట ఉండే, ట్రస్టీలు కారంది. ఆ తీర్పు ఇచ్చింది అమీర్ అలీ. వక్ఫ్ అంటే ముస్లింలు ధర్మానికి రాసిచ్చిన ఆస్తి; అది దేవుడిది, ముతవల్లి దాన్ని చూసుకునేవాడు. అలాంటప్పుడు మన 'ధర్మకర్త' ట్రస్టీ, ముతవల్లి ఇద్దరిలో ఎవరికి సరిపోతుంది? నన్నడిగితే ముతవల్లికే. కర్త అంటే చేసేవాడు, సొంతదారు కాడు.

తెలుగు మేష్టారు: కర్త అంటే ఉమ్మడి కుటుంబంలో పెద్ద కూడా కదమ్మా! అతనికి ఆస్తిలో వాటా ఉంటుంది. నేనైతే ధర్మాధికారి అంటాను.

వకీలమ్మ: అధికారం అనగానే లెక్క అడిగే దారి మూసుకుపోతుంది మేష్టారూ. ఆ దావా నడిచిందే లెక్క అడగడానికి.

పద్యప్రియ: దానం మాట వచ్చింది కనుక పోతన బలిని తలవకుండా ఉండలేను. 'వారేరీ సిరి మూటగట్టుకొని పోవంజాలిరే' అందరికీ నోటికి వచ్చు. నాకు ప్రాణం మాత్రం 'యశఃకాములై'. శిబి లాంటివాళ్లు కూడా పేరు కోరి ఇచ్చారని బలి దాపరికం లేకుండా అంటాడు. గల్లాలో కాసు వేసినవాడికి ఆ పేరు కూడా దక్కదు. అందుకే వాడి తరఫున అడ్వకేట్ జనరల్ కోర్టుకెక్కాలి.

పాత పుస్తకాలు: 'ప్రీతిన్ యశఃకాములై' అని కలిపి చదవండి. పోతన ప్రీతిని ముందు పెట్టాడు, కీర్తిని తర్వాత.

పద్యప్రియ: 'ప్రీతిన్' వెళ్లి అతికేది 'ఈరే'తో కదండీ, ప్రేమతో ఇవ్వలేదా అని. అన్వయం చేసి చూడండి.

తెలుగు మేష్టారు: ఆ అన్వయం నేను ఒప్పుకోను. వివరంగా రేపు రాస్తాను. ఈలోగా ఎవరైనా చెప్పండి, వర్తకుల చెల్లింపు కాగితమైన హుండీ మన గుళ్లలో కానుకల పెట్టె ఎప్పుడయింది?