అప్‌డేట్: ఇల్క్‌లీ మూర్ రాతిపై ఉన్న గుంటలు మనుషులు చెక్కినవే

ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో, ఇల్క్‌లీ పట్టణానికి ఎగువనున్న బీడునేలపై ఒక బండమీద చూసిన గుండ్రటి గుంటలు సహజంగా ఏర్పడ్డాయా, ఎవరైనా చెక్కారా అని లోగడ అడిగాను. పొద్దువాలే వేళ, ఏటవాలు వెలుతురులో చూడమన్నవారికి కృతజ్ఞతలు. మధ్యాహ్నం దాదాపు నున్నగా కనబడిన ఆ ఇసుకరాతిపై, నీడలు సాగేసరికి గుంటల చుట్టూ వలయాలు, వాటి నుంచి దిగువకు పోయే గాళ్లు ఒక్కొక్కటిగా తేలాయి. వాన కోసిన గుంటలకు అంచులు వంకరటింకరగా ఉంటాయి. వీటివి గుండ్రంగా, లోతు ఇంచుమించు సమానంగా ఉన్నాయి. గట్టి రాతితో పొడిచి చేసిన పని ఇది.

ఆ బండ పేరు బ్యాడ్జర్ స్టోన్. ఇలాంటి చెక్కడాలు నవీన శిలాయుగం, కంచు యుగం తొలినాళ్ల నాటివని పరిశోధకుల అంచనా.

మన నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో నిలువురాళ్ల దగ్గరి బండపై గుంటలు సప్తర్షి మండలాన్ని సూచిస్తాయని చెబుతారు కనుక, ఇదీ నక్షత్ర పటమే కావచ్చునని ఒకరు రాశారు. ఆ పోలిక నన్నూ ఆకర్షించింది గానీ, ఇన్ని గుంటల్లో కోరిన ఆకారాన్ని వెదికి పట్టుకోవడం సులువు. పైగా వలయాలకూ గాళ్లకూ ఆ వివరణ చాలదు.

చూడబోయేవారు దయచేసి గీతలపై సుద్ద పూయవద్దు. చట్టరక్షణ ఉన్న రాయి అది. పక్కనుంచి టార్చి వేస్తే చాలు.